అయిందబ్బా

నా టెస్టు డాలరు గుర్తు కోసం కాచుకోనుంటుంది.
అట్లా రాసింది నేనే, పోయిన ఆడికృత్తిక నాడు,
ఊరంతా కావళ్ళు మోస్తా ఉంటే
ఆఫీసులో ఒక్కదాన్నే కూర్చొని:
ముందు డాలరు కనపడాల, ఆపైన ఆదేశం పంపాల,
మళ్ళా డాలరు కనపడేదాకా నోరు మూసుకోవాల.
కథ చెప్పేవాళ్ళకు ఊ కొట్టేవాళ్ళు కావాల గదా,
షెల్లు కొట్టే ఊ ఆ గుర్తు.
నాది తప్ప ఇంకో మెషిన్ ఉంటుందని
ఆ పొద్దు నాకు తోచలేదు.

ఎయిర్ బైపాస్ రోడ్డులో, జెరాక్సు అంగడి పైన మా ఆఫీసు.
సోమవారం ఫర్జానా చేరింది, పలమనేరు పిల్ల.
ఆమె ప్రాంప్టు చివర డాలరు లేదు,
పచ్చ బాణం ఉండాది, దాని ముందు టైము, బ్రాంచి పేరు,
ఇంకా ముందు చిన్న మామిడికాయ బొమ్మ.
నా టెస్టు దాని ముందర ముప్పై సెకన్లు నిలబడి
ఎర్రగా పడిపోయింది.
"మెషిన్ పలకలేదు" అని రిపోర్టులో రాసింది.
పలికింది. మామిడికాయతో సహా పలికింది.

"నువ్వూ డాలరు పెట్టుకోమ్మే" అన్నా.
"నీ టెస్టు కోసరం నా ఇంటి గడప రంగు మార్చల్నా?" అనింది
తలెత్తకుండానే.

సరే అని నేనే తగ్గి,
డాలరు గానీ హ్యాషు గానీ పర్సెంటు గానీ బాణం గానీ
ఏదొచ్చినా ఊ అనుకో, అని రాసినా.
ఆ రాత్రి చెంగల్రాయులు మెషిన్లో
ఏదో ఫైలు దిగతా దిగతా
నలభై, ఆ పక్కన పర్సెంటు గుర్తు.
నా టెస్టు సంబరంగా రెండో ఆదేశం మొదలుపెట్టేసింది.
ఎదుటి మనిషి ఊపిరి తీసుకుంటే
మాట అయిపోయిందనుకొనే నా అలవాటు
దానికెట్లా అంటుకునిందో.

పాకాలకు ఆఖరి బస్సు.
తుమ్మలగుంట కాడ కండక్టరు విజిలేసినాడు,
చంద్రగిరిలో రేకు మీద రెండు దెబ్బలు కొట్టినాడు,
పనపాకంలో పెన్ను పండ్ల మధ్య పెట్టుకొని
ఏదో మూలిగినాడు.
డ్రైవరు అన్నిటికీ బండి కదిలించినాడు.
నడాన ఒకచోట ఎవురో పిల్లోడు ఊరికే రేకు కొడితే మాత్రం
కదల్లేదు.
అద్దంలోకి ఒకసారి చూసినాడంతే.
నా టెస్టుకు అద్దం లేదు.

తెల్లారి టీ గ్లాసు పక్కన పెట్టి ఫర్జానా అనింది:
"ఊ ఎట్లా కొడతారో మనకెందుక్కా?
పని అయినాక చెప్పమని ఒక మాట నువ్వే ఇయ్యి.
ఆ మాట వస్తే అయినట్టు."
ఏ మాట? ఎవురూ ఫైలుకు పేరుగా పెట్టనిది,
ఏ లెక్కలోనూ పొరపాటున రానిది.
అయిందబ్బా, అని పెట్టినాం.
తెలుగులో రాస్తే పాత సర్వరు వరసగా ప్రశ్నార్థకాలు కక్కింది.
ఇంగ్లీషు అక్షరాల్లో రాసినాం, అయినా మన మాటే.

వెంటనే పచ్చగా వెలిగింది.
మరీ వెంటనే.
పని మొదలుకాక ముందే.
చూస్తే, నేను పంపిన వాక్యాన్నే షెల్లు తిరిగి చూపిస్తా ఉండాది.
పని అయినాక అయిందబ్బా అను, అని నేనంటే
అందులోని అయిందబ్బా విని
నేనే అయిందనుకొన్నా.
నా గొంతే నాకు జవాబు.

కడాకు మాటను రెండు తునకలు చేసి
మధ్యలో కొటేషన్ గుర్తుల జత పెట్టినాం, లోపల ఏమీ లేనిది.
పంపేటప్పుడు అది విరిగిన మాట,
అవతల పలికినప్పుడే అతుక్కుంటుంది.

నగిరి నుంచి సెల్వి పంపిన మెషిన్
ప్రతి వరసకూ తమిళంలో వణక్కం చెప్తుంది.
చెప్పనీ. నా టెస్టు చెయ్యి కట్టుకొని వింటుంది.
ముప్పై సెకన్లను అరవై కూడా చేసినా.

నిన్న రాత్రి నూటా పద్నాలుగులో ఒక్కటి ఎర్రగా పడింది,
చెంగల్రాయులు కాడ.
"మెషిన్ పలకలేదు."
అలవాటుగా టెస్టును తిట్టుకుంటా పోయి చూస్తే
బల్ల కింద నెట్ వైరు ఊడి ఉండాది.